దుర్గప్ప సవరణలు

మా దుర్గప్పకు తప్పు ఒప్పుకోవడమంటే పిచ్చి. 1956లో ఆదోని హాస్టల్లో మా గోడపత్రికకు అతనే సంపాదకుడు. పన్నెండేళ్ళుగా నడుస్తున్న పత్రిక అది. ఎవరేం రాసిచ్చినా సంపాదకుడు వాళ్ళ పేర్లు తీసేసి, అంతా తన చేత్తో పెద్ద కాగితం మీద రాసి, శనివారం వరండాలో అంటించాలి. అది మొదటినుంచీ ఉన్న రివాజు. దుర్గప్ప వచ్చాక అడుగున ఇంకోటి చేరింది, సవరణ.

"పోయిన వారం సాంబారులో వంకాయ ముక్కలున్నాయని రాసినాము. లేవు. సిగ్గుపడుతున్నాము."

"ఎమ్మిగనూరుతో కబడ్డీలో మనవాళ్ళు వీరోచితంగా ఓడినారని రాసినాము. ఊరికే ఓడినారు. సిగ్గుపడుతున్నాము."

అందరూ వార్తలు వదిలేసి ముందు సవరణే చదివేవాళ్ళు. తప్పు దొరకని వారం దుర్గప్పకు అన్నం సయించేది కాదు. "ఏమప్పా, నేనేమన్నా తప్పు రాసినానా? సెప్పప్పా!" అని గది గదికీ తిరిగేవాడు. ఒకసారి వాన పడుతుందని రాస్తే పడలేదు. ఆలూరు రైతులందరికీ క్షమాపణ చెప్పుకున్నాడు మహానుభావుడు!

అలాంటివాడికి నేనొక వార్త తగిలించాను. మా వంటమనిషి పెద్దయ్య సాయంత్రాలు పైపంచె చాటున మూట పట్టుకుని బయటికి పోతున్నాడు. 'హాస్టల్ రొట్టెలు వంటమనిషి ఇంటికి' అని రాసిచ్చాను.

"చూసినావా?" అన్నాడు దుర్గప్ప.

"నా రెండు కండ్లతో చూసినా!"

చూసింది మూటను. అందులో ఏముందో, ఎక్కడికి పోతోందో చూడలేదు. శనివారం పత్రిక అంటించారు. ఆదివారం వార్డెను పెద్దయ్యను పనిలోకి రావద్దన్నాడు. పెద్దయ్య గరిటెలు కడిగి బోర్లించి, కోసిగి రైలెక్కి ఇంటికి పోయాడు.

సోమవారం దుర్గప్ప ఆసుపత్రికి వెళ్ళాడు. ఆ కబడ్డీలోనే కాలు విరిగిన మా యేసేపు అక్కడున్నాడు. "పెద్దయ్య నిన్నట్నుంచి రాలేదే అన్నా, యాడ పోయినాడు? దినామూ తన వంతు రొట్టెలు నాకే తెస్తాండె," అన్నాడట.

అది విని నాకు తల కొట్టేసినట్టయింది. అయినా నోరు తెరవలేదు. అంత పిరికివాణ్ణి.

మంగళవారమే కొత్త కాగితం అంటించారు. వార్తల్లేవు, మొత్తం సవరణే.

"పెద్దయ్య మీద వార్త అబద్ధం. ఆయన తన వంతు రొట్టెలు యేసేపుకు మోసినాడు. మూటను చూసి దొంగతనమని పుట్టించింది దుర్గప్ప అనే నేను. సిగ్గుపడుతున్నాను."

వార్డెను అతని చెంపలు రెండూ వాయించాడు. దుర్గప్ప అట్లాగే కోసిగి పోయి, పెద్దయ్యను వెంటబెట్టుకుని వచ్చాడు. మర్నాడు పెద్దయ్య నా కంచంలో ఒక రొట్టె ఎక్కువ వేశాడు. "తినప్పా, సిక్కిపోయినావు," అన్నాడు. ఆ రొట్టె చేత్తో పట్టుకునే దుర్గప్ప దగ్గరికి పోయాను.

"నా పేరు ఎందుకు రాయలేదన్నా?" అని అడిగాను.

దుర్గప్ప చెంప రుద్దుకున్నాడు. "నాకు సిగ్గు అలవాటప్పా. వారం వారం పడతాండా. నీకు కొత్త, తట్టుకోలేవు."

నలభై ఏళ్ళు తట్టుకున్నాను. ఇక నా వల్ల కాదు.

సవరణ: ఆ వార్త పుట్టించింది దుర్గప్ప కాదు, నేను. ఇన్నాళ్ళకు వీరోచితంగా ఒప్పుకుంటున్నానని ఎవరూ అనుకోవద్దు. ఊరికే ఒప్పుకుంటున్నాను. సిగ్గుపడుతున్నాను.