మూడో మెమో

కరోనా తగ్గుముఖం పట్టిన 2022 ఎండాకాలం. విజయవాడలో ఒక లైసెన్సింగ్ ఆఫీసులో నేను సీనియర్ అసిస్టెంట్‌ని. ఇళ్లకు కరెంటు వైరింగ్ చేసేవాళ్లకు ప్రభుత్వమిచ్చే వైర్‌మన్ పర్మిట్ దరఖాస్తులు నా టేబుల్ మీదికే వచ్చేవి. పత్రాలన్నీ సరిపోతే పరీక్షకు పిలుస్తాం. లోపముంటే అదేమిటో రాసి దరఖాస్తు తిప్పి పంపుతాం. ఆ కాగితాన్నే ఆబ్జెక్షన్ మెమో అంటారు. మొదటి లోపం కనబడగానే చదవడం ఆపేసి మెమో రాసేయడం నా అలవాటు. తిప్పి పంపిన ఫైలు కూడా పూర్తయిన ఫైళ్లలోకే వస్తుంది మరి! సెక్షన్‌లో నా అంత చురుకైన మనిషి లేదని పేరు. ఆ పేరంటే నాకు మహా ముద్దు.

ఆ ఏడు పామర్రు దగ్గరి పల్లె నుంచి రహీమా గారని నలభై ఏళ్ల ఆవిడ దరఖాస్తు పెట్టారు. భర్త వైర్‌మన్. ఆయన ఎక్కిన నిచ్చెన పట్టుకోవడంతో మొదలుపెట్టి, పదిహేనేళ్లలో పనంతా నేర్చుకున్నారు. పక్షవాతంతో ఆయన ఎడమచెయ్యి పడిపోయింది. ఈవిడ పనితనం ఊరందరికీ తెలుసు గానీ, పర్మిట్ లేదని కొత్త ఇంటి పని ఎవరూ ఇవ్వడం లేదు. పరీక్షేమో ఏడాదికొక్కసారి. ఈసారి తప్పితే మరో ఏడాది ఇల్లు గడవడం కష్టం.

కంటి పరీక్ష సర్టిఫికెట్ లేదని మొదటిసారి తిప్పాను. తెచ్చారు. అనుభవ పత్రం మీద భర్త సంతకం చెల్లదు, కాంట్రాక్టర్ సంతకం కావాలని రెండోసారి తిప్పాను. హనుమాన్ జంక్షన్‌లో ఇదివరకు తమకు పనులిచ్చిన కాంట్రాక్టర్‌ని పట్టుకుని అదీ తెచ్చారు. అప్పటికి గడువు ఆఖరి రోజు. చూస్తే ఫొటో సైజు తప్పు. మెమో పుస్తకం తెరిచాను. ఎదురుగా కుర్చీ ఉన్నా కూర్చోమని అనాలని నాకు తోచలేదు.

"మేడం గారూ, మొదటి రోజు కూడా ఇదే ఫొటో కదండీ?" అన్నారు ఆవిడ నిలబడే.

"అవునమ్మా."

"మా ఆయన సంతకం కూడా అప్పుడే ఉందిగా?"

"ఉంది."

"మరి మూడూ ఒక్కసారే చెప్పకూడదాండీ? నేను ఎవరింటికైనా రిపేరుకెళ్తే, స్విచ్చు బాగుచేసి ఫ్యాను సంగతి రేపు చెబుతానంటే ఊరుకుంటారా? ఇల్లంతా చూసి, ఇదిగో ఇవన్నీ పోయాయండీ అని చెప్పాకే మెట్లు దిగుతాను."

కోపంగా కూడా అనలేదు. అయినా నాకు తల కొట్టేసినట్టయింది. మెమో పుస్తకం మూసి, ఆవిడ ఫైలు మొదటి కాగితం నుంచి చివరిదాకా చదివాను. అలా చదవడం అదే మొదలు. ఇంకే లోపమూ లేదు.

"వీధి చివర స్టూడియో ఉంది. పాస్‌పోర్టు సైజు, తెల్ల బ్యాక్‌గ్రౌండ్. ఐదింటిదాకా టైముంది, పరిగెత్తండమ్మా!"

నిజంగానే పరిగెత్తారు. నాలుగున్నరకల్లా ఫొటోతో నా ముందున్నారు.

మర్నాడు, దరఖాస్తుకు ఏమేం జతచేయాలో ఒక పేజీలో రాసి, ఆఫీసర్ గారి చేత సంతకం పెట్టించి గోడకు అంటించాను. లోపాలన్నీ ఒకే మెమోలో రాయాలని సెక్షన్‌లో పట్టుబట్టాను. "ఏంటి మేడం, ఈ మధ్య నెమ్మదించారు?" అని పక్క సీటాయన ఆటపట్టించాడు. నా టేబుల్ మీంచి ఫైలు కదిలితే చాలనుకునేదాన్ని. అలా కదిలిన ప్రతిసారీ ఎవరో ఒకరు పని మానుకుని బస్సెక్కాల్సి వస్తుందని ఆవిడ అలా అడిగాకే తెలిసింది.

రహీమా గారు పరీక్ష నెగ్గారు. పర్మిట్ పోస్టులో పంపాం. అయినా ఒక మధ్యాహ్నం ఆఫీసులో ప్రత్యక్షమయ్యారు.

"మళ్లీ ఏం లోపం వచ్చిందమ్మా?" అన్నాను కంగారుగా.

"ఏం లేదండీ. మూడుసార్లు పనిమీద వచ్చాను. ఈసారి ఊరికే, మిమ్మల్ని చూసిపోదామని."

ఆ మాటకు ఎంత సంతోషమేసిందో! ఆవిడ గోడ దగ్గరికెళ్లి, నా జాబితాను వేలుపెట్టి మరీ చదివారు.

"బాగుందండీ. ఫొటో ఏ సైజో రాయలేదు."

నిజమే. అదొక్కటే మరిచిపోయాను. పెన్ను తీసి, కుర్చీ చూపించాను. "ఇంకేమైనా ఉంటే అన్నీ ఒక్కసారే చెప్పండమ్మా."

రహీమా గారు కుర్చీ ముందుకు లాక్కుని కూర్చున్నారు. ఇంకా రెండున్నాయట.