రుచి చూసేవాళ్లు లేని టీ ఐస్‌క్రీమ్

చలికాలంలో వచ్చిన ఒక జ్వరం పోతూ పోతూ నా నాలుక మీది రుచిని, ముక్కుకున్న వాసనని కూడా పట్టుకుపోయింది. వాటంతటవే తిరిగొస్తాయని డాక్టరుగారు అన్నారు గానీ ఎప్పుడో చెప్పలేదు. ఎండలు ముదిరినా గోంగూర పచ్చడి గడ్డి నమిలినట్టే ఉండేది. ఇంట్లోవాళ్ల మీద ఊరికే చిరాకుపడేదాన్ని. ఇక బతికినంతకాలం ఇంతేనేమోనని లోపల భయం.

ఈ భయం సంగతి పక్కింటి టీచరుగారికొక్కరికే చెప్పాను. మేం నిడదవోలు వచ్చిన దగ్గర్నుంచీ, ఆవిడ బడి నుంచి రాగానే వాళ్ల వసారాలో కూర్చుని టీ తాగడం మా ఇద్దరికీ అలవాటు. ఆవిడ టీకి మా వీధిలో పేరుంది. చిక్కటి గేదె పాలు, దంచిన అల్లం, రంగు చూసి పొయ్యి ఆపడం. దానికి వంక పెడితే మాత్రం ఊరుకోరు. ఒకసారి అల్లం ఘాటెక్కువైందన్న పాపానికి వాళ్లాయన కొన్నాళ్లపాటు బడ్డీకొట్టు టీ తాగాల్సొచ్చింది.

ఈ ఏడు లెంటు రోజులు మొదలవగానే, ఈస్టరు దాకా టీ మానేస్తున్నానన్నారావిడ. వాళ్ల చర్చిలో ఆ రోజుల్లో ఇష్టమైనదేదో ఒకటి వదిలేసి ప్రార్థన చేసుకోవడం మామూలే. పోయినేడు మాంసం వదిలేశారు. ఈసారి టీ ఎందుకండీ అంటే, నా నాలుక బాగవ్వాలని ప్రార్థనలో పెట్టానన్నారు. నా నాలుక కోసం మీరు నోరు కట్టుకోవడమేంటని దెబ్బలాడాను. వింటేగా. పైగా నాకు మాత్రం రోజూ టీ పెట్టి ఇచ్చేవారు. రుచి తెలిసిన మనిషి మంచినీళ్లు తాగుతుంటే, పక్కన రుచి తెలియని నేను టీ తాగేదాన్ని.

ఈస్టరు ముందురోజు ఫోనులో ఏదో వీడియో చూసి, టీ ఐస్‌క్రీమ్ చేద్దామన్నారు. ఆ ఎండల్లో మళ్లీ టీ మొదలుపెట్టడానికి అదే నయమట. మధ్యాహ్నం ఇద్దరం వాళ్ల వంటింట్లో దూరాం. పాలు సగమయ్యేదాకా నేను మరిగించాను. ఆవిడ టీపొడి, అల్లం వేసి, కాసేపు మూత పెట్టి, వడకట్టి పంచదార కలిపారు. అలవాటుగా గరిటెతో కాస్త తీసి నా అరచేతిలో వేయబోయి ఆగిపోయారు. ఆవిడ రుచి చూడకూడదు. నేను చూసినా ఒకటే, చూడకపోయినా ఒకటే. ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకుని పగలబడి నవ్వాం. పోనీ మీవారిని పిలుద్దామన్నాను. ఆయనకి బుద్ధొచ్చింది, ఏం పెట్టినా బాగుందనే అంటారని ఆవిడ కొట్టిపారేశారు.

చివరికి రంగు చూసి సరిపెట్టుకున్నాం. మీగడ కలిపి, స్టీలు డబ్బాలో పోసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టాం. సగం గడ్డకట్టాక మిక్సీలో తిప్పి మళ్లీ పెట్టాం. సాయంత్రం కరెంటు పోతే ఆవిడ ఫ్రిజ్ తలుపు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

మర్నాడు ఆరాధన నుంచి వస్తూనే, కట్టుకున్న కొత్త చీరతోనే నన్ను వసారాలోకి పిలిచారు. ఇన్నాళ్లూ టీ లేకుండా ఉన్నది మీరు, మొదటి చెంచా మీరే తినాలన్నాను. వినకుండా నా చేతికే ఇచ్చారు. చల్లగా కరిగింది, అంతే. ఎప్పటిలాగే ఏమీ లేదు. నా మొహం చూస్తే ఆవిడకి తెలిసిపోతుందని తల దించుకుని మింగేశాను. రెండో చెంచాకి గొంతు దగ్గర ఎక్కడో అల్లం తగిలింది. దాని వెనకే టీ. నా భ్రమేమోనని ఇంకో చెంచా నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాను.

"పంచదార తగ్గిందండి టీచరుగారూ" అన్నాను.

గడ్డకడితే తీపి తగ్గుతుందని మా ఇద్దరికీ తెలియదు. ఆవిడ గబుక్కున ఒక చెంచా తిని చూశారు. నిజంగానే తగ్గింది. తన టీకి వంక పెడితే ఒప్పుకోని మనిషి, చెంచా పక్కన పెట్టి కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. సంతోషంతో నాకూ ఏడుపొచ్చేసింది.

"ఇంకోసారి అనండి వదినగారూ" అన్నారు.