గేటు ముందు ఆగిన ఇంజను

ఆ సాయంత్రం కార్వేటినగరంలో ఉన్నది ముగ్గురం: నేను, మా మేనమామ భార్య సుగుణత్త, బండి కొనడానికి చెన్నై నుంచి వచ్చిన గజేంద్ర గారు. బండ్లు రెండు: నా స్కూటరు, మామ వదిలిపోయిన ఇటలీ బైకు. వెలుతురు బాగానే ఉంది. ఎవరూ తాగి లేరు.

ఇవన్నీ ముందే చెప్పడానికి కారణం ఉంది. నేను దయ్యాల కథలు విని నవ్వే రకం. మెకానికల్ చదివాను. నాయుడుపేటలో ఒక ఫ్యాక్టరీలో యంత్రాల బాగోగులు చూస్తాను. చెడిపోయిన ప్రతిదానికీ ఒక కారణం ఉంటుందనే నమ్మకం మీదే నాకు జీతం వస్తోంది.

మామ బైకు డెబ్బైల నాటిది. రెండు సిలిండర్లు, కుడికాలికి గేరు, ఎడమకాలికి బ్రేకు. ఎర్ర ట్యాంకు మీద రంగు ఫ్యాక్టరీలో వేసిందే. ఆదివారాలు ఆయన నూలుగుడ్డతో దాన్ని తుడుస్తుంటే పక్కన కూర్చుని పెరిగినవాణ్ణి.

ఆయనకొక పద్ధతి ఉండేది. కార్బురేటర్లలో పెట్రోలు నిలవుంటే జిగురు కడుతుంది. అందుకని ఇంటికొచ్చేటప్పుడు కోట మలుపులోనే ట్యాంకు కింది రెండు ట్యాపులూ మూసేసేవాడు. మిగిలిన పెట్రోలుతో బండి నడిచి, సరిగ్గా గేటు ముందు ఇంజను దానంతట అదే ఆగేది. శబ్దం ఆగగానే అత్త వచ్చి గేటు తీసేది. ఆయన హారన్ కొట్టడం నేనెప్పుడూ వినలేదు.

మామ పోయి ఏడాది దాటింది. బండి అమ్మేస్తానని అత్త పట్టుబట్టింది.

"అది ఈడ ఉన్నన్నాళ్లూ నా చెవులు వీధిలోనే ఉంటాయి రా."

నాకివ్వమని బతిమాలాను. "నువ్వు తోల్తా ఉంటే నేను వింటా ఉండాల. వద్దు" అంది. పోనీ, మంచి చేతుల్లోకైనా పోతుందని గజేంద్ర గారిని నేనే పిలిపించాను. ఇలాంటి బండ్లు సేకరించి, ప్రాణంగా చూసుకునే మనిషి.

ఆయన చేతులు వెనక్కి కట్టుకుని బండి చుట్టూ చాలాసేపు తిరిగారు. "కూతురినైనా ఇంత బాగా సాకరు తమ్ముడూ" అన్నారు. "నువ్వు తోలు. నేను స్కూటర్లో ఎనకాల వస్తా. ఇంటి ముందర మాత్రం ఆపొద్దు. ఐడిల్లో, అదే యాక్సిలరేటర్ ఇయ్యకుండా, ఎట్లా నిలబడతాదో వినాల."

"నిలబడకపోతే?"

"బేరమాడతా."

అందుకే బయల్దేరేటప్పుడు తెరిచిన ట్యాపులు ఆ రోజు నేను మళ్లీ ముట్టుకోలేదు. బండి స్టార్ట్ చేయగానే అత్త వెనక గదిలోకి పోయి తలుపేసుకుంది.

పుత్తూరు రోడ్డులో కొంతదూరం పోయి వెనక్కి తిరిగాం. కోట మలుపులో ఎనుముల మంద అడ్డం వచ్చింది. కుడికాలి గేరు నాకు అలవాటు లేదు. ఒక చేయి క్లచ్ మీద, ఇంకొకటి యాక్సిలరేటర్ మీద బిగపట్టి, మెల్లగా మంద మధ్య నుంచి బయటపడ్డాను.

ఇంటి గేటు ముందుకు రాగానే ఇంజను ఒకసారి దగ్గినట్టు చేసి ఆగిపోయింది.

నేనింకా సీటు మీదే ఉన్నాను. లోపలి నుంచి గడియ తీసిన చప్పుడైంది. అత్త గేటు తీసి నిలబడింది. నన్ను చూసి, నేను కాదన్నట్టు నా వెనక్కి చూసింది.

వంగి చూశాను. రెండు ట్యాపులూ మూసి ఉన్నాయి. బొటనవేలితో గట్టిగా తోస్తే గానీ తిరగనివి. ట్యాంకులో సగం పెట్రోలుంది.

గజేంద్ర గారు స్కూటరు స్టాండేసి నవ్వుతూ వచ్చారు. "ఐడిల్ వినాలని నేనంటే మలుపులోనే ట్యాపు మూసేస్తివే. ఎనుముల మధ్యలో చెయ్యి కిందికి పెట్టేది సూసినాలే. ధైర్యమే నీకు."

నా చేతులు హ్యాండిల్ వదల్లేదని చెప్పాను.

"మరి ఆ చెయ్యి?" అన్నారు. ఆ తర్వాత ఆయన నవ్వలేదు.

తలుపేసుకున్నదానివి ఎందుకొచ్చావని అత్తను అడిగాను.

"ఆగింది కదరా" అంది. గజేంద్ర గారి వైపు తిరిగి, "అన్నా, కాఫీ తాగి పోండి. బండి ఇచ్చేది లేదు" అంది.

బండి ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంది. ఆదివారాలు వెళ్లి నేనే తుడుస్తాను, తోలుతాను. ట్యాపులు విప్పి చూశాను, ఏ లోపమూ లేదు. గతుకుల్లో కావాలనే తోలాను, వాటంతట అవి ఒక్కసారీ మూసుకోలేదు. ఆ సాయంత్రం జరిగినదానికి నా దగ్గర ఈ రోజుకీ కారణం లేదు.

మామలాగా మలుపులో ట్యాపులు మూసి చూస్తున్నాను. ఇంజను ఒకసారి ముందే ఆగుతుంది, ఒకసారి ఇల్లు దాటిపోతుంది. ఇప్పటికి పదకొండు సార్లు ప్రయత్నించాను. గేటు ముందు ఆగింది సున్నా.