కొమురక్క కోసిన కార్జం

నిన్న పొద్దున మహబూబాబాద్ స్టేషన్‌లో ట్రైన్ కోసం కూర్చుని ఉండగా ఫోన్ వచ్చింది.

"చిన్నత్తా, మా అత్తమ్మ లేదు."

కొమురక్క కోడలు రజిత.

చేతిలో టీ చల్లారింది. కాలు విరిగి మంచంలో ఉందని తెలుసు. కానీ మొన్ననే ఫోన్‌లో నన్ను తిట్టింది. తిట్టే మనిషి ఇలా పోతుందా?

రఘునాథపల్లి దగ్గర మా ఊళ్లో కొమురక్క నాకంటే రెండేళ్లు పెద్దది. నేను సైన్స్ టీచర్నయ్యాను, రిటైరయ్యాను. ఆమె గొర్రెలు కాసింది. రిటైర్ కాలేదు.

నా నిన్నటి పోస్ట్ కింద అందరూ దండం బొమ్మలు పెడుతున్నారు. థాంక్స్. నా దగ్గర కోపమే ఉంది. ఓపిక ఉంటే చదవండి.

పదిహేనేళ్ల కింద, భర్త పోయాక, మందను తోలే కర్ర తానే పట్టింది. ఆ వానాకాలమే గొర్రెలు చిక్కిపోయాయి. దవడల కింద నీటి సంచులు దిగాయి. ఇరవై రెండు చచ్చాయి.

మా కులపెద్ద తీర్పు చెప్పాడు.

"ఆడోళ్ల చెయ్యి తగిలె, బీరప్ప దేవునికి కోపమొచ్చె. నీ చెయ్యి మంచిది గాదు. నువ్వు మందను ముట్టకు."



మరునాడు చచ్చిన గొర్రెతో మా ఇంటికొచ్చింది. "చెల్లె, బళ్లె కప్పలు కోసి చూపెడ్తవు గదా. జర గిదాన్ని కోసి చూపెట్టు."

కోశాం. కార్జం నిండా నట్టలు, అవే లివర్ పురుగులు. చిన్న ఆకుల్లా, చదునుగా.

పుల్లతో ఒకదాన్ని కదిపి చూసింది. ఏడవలేదు.

"బీరప్ప గింత చిన్నగుంటడా?" అంది.

ఆ కార్జాన్ని టిఫిన్ డబ్బాలో పెట్టుకుని జనగామ పశువుల దవాఖానకు బస్సెక్కాం. కూరేందని కండక్టర్ అడిగాడు. "తింటవా?" అంది.

డాక్టర్ చెప్పింది సింపుల్. చెరువు నీళ్లు దిగిన చోట బురదలో నత్తలుంటాయి. నట్ట నత్తలో పెరిగి గడ్డికి పాకుతుంది, గడ్డితో గొర్రెలోకి పోతుంది. పచ్చగా ఉందని ఊరంతా మేపేది అక్కడే. నట్టల మందేమో అందరూ కంటి లెక్కతో పోస్తారు. చాలదు.

కొమురక్క వడ్ల కాంటాతో ఒక్కో గొర్రెను తూచి మందు పోసింది. మందను చెరువు వైపు పోనివ్వలేదు. మరుసటి వానాకాలం ఆమెవన్నీ బతికాయి. కులపెద్ద మందకు దవడలు వాచాయి.

ఆయన అడగలేదు. ఆమె చెప్పలేదు. కాచుకుని కూర్చుంది. నేనైతే ఆయనకు ఉత్తరం రాసి చెప్పేదాన్ని.

మనవడి పుట్టువెంట్రుకలకు ఆయన తన మందలోంచే పొట్టేలును కోయించాడు. వేయించిన కార్జం మా దగ్గర మొదట పెద్దమనిషికే పెడతారు. అది పొయ్యి ఎక్కకముందే కొమురక్క తాంబాళంలో పెట్టి తెచ్చింది. ఆయన ముందు, అందరి ముందు కోసి, ఒత్తింది.

నట్టలు బయటికొచ్చి మెల్లగా కదిలాయి.

"పెద్దన్నా, నా చెయ్యి మంచిది గాదంటివి. నీ మందను నేను ముట్టనే లే. మరి గివెట్ల వచ్చినయే?"

ఆ రోజు నుంచి ఆయన కార్జం మానేశాడు. ఏటా తన గొర్రెలకు ఆమెతోనే మందు పోయించాడు. అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు, తప్పయిందని అనలేదు. ఆమె ఎప్పుడు ఫోన్ చేసినా చివర్లో ఒకటే మాట: "ఇంకా అనలే, చెల్లె."

నిన్న కాటి దగ్గర ఆయన ఏడ్చాడు. "బంగారమసొంటి మనిషి" అన్నాడు. కండువాతో కళ్లు తుడుచుకుని రజిత వైపు తిరిగాడు.

"గొర్లను అమ్మెయ్ బిడ్డా. ఆడోళ్ల చెయ్యి మందకు అచ్చిరాదు."

నేను పక్కనే ఉన్నాను. నా చెవులింకా పనిచేస్తున్నాయి.

పెద్దన్నా, మీ కోడలు ఈ పోస్ట్ మీకు చదివి వినిపిస్తుందని తెలుసు. వినండి.

రేపు మూడో రోజు. పిట్టకు ముద్ద పెట్టడానికి పొట్టేలును మీరే ఇస్తామన్నారు, సంతోషం. ఈ వానాకాలం కొమురక్క మంచంలో ఉంది. మందు పోయడానికి రజిత వస్తానంటే మీరు వద్దన్నారు. మీ పొట్టేలు లోపల ఏముందో నాకు తెలుసు, మీకూ తెలుసు.

రేపు ఆ కార్జాన్ని నేను కోస్తాను. అందరి ముందు. కళ్లజోడు మార్చుకుని మరీ వస్తున్నాను.

వద్దనుకుంటే, కత్తి తీయకముందే ఆ మాట వెనక్కి తీసుకోండి. మీ గొర్రెల మూతులు మీరే పట్టండి, రజిత మందు పోస్తుంది.

పోయిరా కొమురక్కా. రేపు నీ ఫొటో ముందు నిలబడి "అన్నడు" అని చెప్తా.

నువ్వు చల్లగా నిద్రపో. ఆయనకు మాత్రం ఈ రాత్రి నిద్ర వద్దు.