ఆకాశం చూసే ఉద్యోగం

ఆపరేషన్ అంటే భయపడకండి అని ఊరూరా తిరిగి చెప్పిన నేను, ప్యాంటు లోపల హెర్నియా బెల్టు బిగించుకుని, అది నడుంనొప్పి బెల్టని మా ఆవిడను నమ్మించి, దాదాపు ఏడాది గడిపాను. నా ఉద్యోగ జీవితంలో ఇంతకన్నా తెలివితక్కువ పని మరొకటి లేదు. వేరేవాళ్ళు చెప్పకముందే నేనే చెప్పుకుంటే కాస్త పరువు దక్కుతుందని ముందే రాస్తున్నాను.

1986లో నేను తెనాలిలో మత్తు డాక్టరుగా స్థిరపడ్డాను. అసలు పేరు అనస్థటిస్టు. నోరు తిరగక జనం మత్తు డాక్టరనేవారు. నేను మత్తిచ్చే డాక్టరునో, మత్తులో ఉండే డాక్టరునో తేల్చుకోలేక ఒకాయన ఇల్లు అద్దెకివ్వడానికి వెనకాడాడు. మత్తు డాక్టర్లు అప్పట్లో చాలా తక్కువ. మంగళవారం రేపల్లె రైలు, గురువారం బాపట్ల పాసింజరు, మిగతా రోజులు తెనాలి. చేతిలో ఒక తోలుసంచి, అందులో మందులు, వెన్నుసూదులు, గొంతులోకి గొట్టం వేసేటప్పుడు దారి చూపే లారింగోస్కోపు. సర్జన్ కత్తి పట్టేలోపు నొప్పి తెలియకుండా చేయడం మా పనిలో సగం. ఆపరేషన్ సాగినంతసేపూ రోగి తల దగ్గర స్టూలు మీద కూర్చుని నాడి, ఊపిరి, బీపీ కనిపెట్టుకుని ఉండటం మిగతా సగం. ఈ రెండో సగం ఎవరికీ కనిపించదు. బాగా చేస్తే అసలే కనిపించదు.

ఆపరేషన్‌కు ముందు రోగిని పలకరించి రావడం మా పద్ధతి. ఊగే పళ్ళున్నాయా, ఆయాసం ఉందా, ఇదివరకెప్పుడైనా మత్తు తీసుకున్నారా అని అడుగుతాం. అన్నిటికీ జవాబు చెప్పి, వాళ్ళు చివర్లో ఒక్కటే అడుగుతారు: “మళ్ళీ లేస్తానా అండి?”

“లేవకపోతే వచ్చి నన్ను అడగండి” అనేవాణ్ని. నవ్వేవారు. నవ్వారు కాబట్టి భయం పోయిందనుకుని వెళ్ళిపోయేవాణ్ని. ధైర్యం చెప్పడం నాకు బాగా వచ్చు. చెప్పీ చెప్పీ నాకంటూ ఏమీ మిగుల్చుకోలేదని, నా కుడి గజ్జలో వాపు కనిపించిన రోజున తెలిసింది.

హెర్నియా అంటే కడుపు గోడ బలహీనపడ్డ చోట పేగు బయటికి తోసుకు రావడం. పడుకుంటే లోపలికి వెళ్ళిపోతుంది. వెళ్ళినంతకాలం ఫరవాలేదు. ఎప్పుడో ఒకరోజు ఇరుక్కుపోతే, రక్తం ఆడక పేగు కుళ్ళి మనిషి ప్రాణం మీదికి వస్తుంది. ముందే కుట్టేస్తే ఏ గొడవా లేదు. ఇదంతా నాకు కంఠతా వచ్చు. వచ్చిన చిక్కల్లా, మత్తులో ఏమేం తేడాలు రావచ్చో అది కూడా కంఠతా రావడమే. కళ్ళు మూసుకుంటే పాఠ్యపుస్తకం తెరుచుకునేది.

1989 చలికాలంలో ఒక గురువారం బాపట్లలో పోలయ్య అనే మనిషిని చూడమన్నారు. సముద్రం మీద వేటకు వెళ్ళే మనిషి. అతనిదీ హెర్నియానే, అతనిదీ కుడివైపే. పేగుబంధం అంటే తల్లీబిడ్డలకే ఉంటుందనుకునేవాణ్ని. అప్పటికే ఒకసారి అతని పేగు ఇరుక్కుని, దైవికంగా మళ్ళీ లోపలికి పోయింది. ఈసారి పడవలో ఉండగా ఇరుక్కుంటే ఒడ్డుకు వచ్చేలోపే ఆశ వదులుకోవలసిందే. అయినా ఆపరేషన్‌కు ససేమిరా అంటున్నాడు. అక్కడి సర్జన్ జోసఫ్ గారు నాకు బాగా సీనియరు. ఆయన చెప్పి చూసి, ఇక నీ వంతు అన్నట్టు నావైపు చూశారు.

“మీకే వస్తే చేయించుకుంటారా సారూ?” అన్నాడు పోలయ్య.

“హాయిగా” అన్నాను. ఆ హాయి గొంతులో అడ్డుపడ్డట్టుంది, దగ్గు వచ్చింది. దగ్గితే బెల్టున్నా సరే, చెయ్యి తనంతట తానే గజ్జ మీదికి పోతుంది. పోయింది.

పోలయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు. “సారూ, ఇంకోసారి దగ్గండి.”

హెర్నియా రోగికి మేం మొట్టమొదట చెప్పే మాట అదే. వార్డులో నవ్వు మొదలైంది. జోసఫ్ గారు మాత్రం నవ్వలేదు. “పేషెంటు అడుగుతున్నాడు కదయ్యా, దగ్గు” అన్నారు. తెర చాటుకు తీసుకెళ్ళి చూశారు. బయటికి వచ్చి నవ్వారు.

పోలయ్య తేల్చేశాడు. “సారు ముందు. ఆయన లేస్తే నేను.”

“లేవకపోతే?” అన్నాను.

“సాయంత్రం బస్సుంది సారూ, ఎళ్ళిపోతాం.”

అతని భార్య ఆదెమ్మ చేపలమ్మే మనిషి, వీధి చివరికి వినిపించే గొంతు. “ఈయన పిరికితనం మీకేం తెలుసు అన్నయ్యగారూ! పడవలో అందరూ వల లాగుతారు. ఈయనకి మాత్రం ఆకాశం అప్పగించారు. మబ్బేదన్నా కమ్ముతుందా, అడుగున నీళ్ళూరుతున్నాయా, ఇదే చూసుకోమన్నారు. ధైర్యం ఉన్నోడైతే చూడ్డంట, వల్లో పడి మర్చిపోతాడంట!”

“మా దగ్గరా అంతేనమ్మా” అన్నారు జోసఫ్ గారు నా భుజం మీద చెయ్యి వేసి. “కోసేది నేను. మబ్బులు చూసేది ఈయన.”

అందరితోపాటు నేనూ నవ్వాను, గజ్జ పట్టుకుని.

పేగుకు నా తీరిక తెలియదు కాబట్టి మర్నాడే నా ఆపరేషన్ అన్నారు. మా ఆవిడకు కబురు వెళ్ళింది. వచ్చి, “నడుం ఎప్పుడు అంత కిందికి జారిందండి?” అని మాత్రం అడిగింది.

వెన్నులో సూది జోసఫ్ గారే ఇచ్చారు. సర్జన్లే అలా ఇవ్వడం అప్పట్లో మామూలే. రొయ్యలా ముడుచుకోమని ఎంతోమందికి చెప్పిన నేను, రొయ్యకు ఎంత కష్టమో ఆ రోజు తెలుసుకున్నాను. కాళ్ళు వెచ్చబడి, బరువెక్కి, నావి కాకుండా పోయాయి. మనిషికి మెలకువ ఉంటుంది, నడుం కిందికి ఉండదు. తల దగ్గర నా స్టూలు మీద సిస్టర్ కూర్చుంది. అప్పుడు వచ్చింది అసలు భయం. నొప్పి అని కాదు, చచ్చాక ఏమవుతుందని కూడా కాదు. ఆ స్టూలు మీద నేను లేను. ఇన్నాళ్ళూ చావుకు కాపలా కాస్తున్నాననుకున్నవాణ్ని, కాపలా దిగి బల్ల ఎక్కాను.

“సిస్టర్, బీపీ ఎంత?” అన్నాను. చెప్పింది. కాసేపటికి మళ్ళీ అడిగాను. మళ్ళీ అడిగాను.

“ఏమయ్యా, ఈ ఆపరేషన్ నాదా నీదా?” అన్నారు జోసఫ్ గారు.

“మీదేనండి. పేగొక్కటే నాది.”

“అయితే ఊరికే ఉండక నీ నాడి నువ్వే చూసుకో.”

విసుక్కుని అన్న మాటే కానీ, నేను నిజంగానే ఎడమచేతి మణికట్టు మీద వేళ్ళు పెట్టుకున్నాను. నాడి పరుగెడుతోంది. దాన్నే పట్టుకుని పడుకున్నాను. అది నెమ్మదించడం నాకే తెలిసింది. భయం ఎక్కడికీ పోలేదు. పని దొరికి ఒకచోట కూర్చుంది, అంతే. పిరికివాడికే ఆకాశం ఎందుకు అప్పగించాలో పోలయ్య పడవవాళ్ళకు తెలిసినంతగా, మత్తు డాక్టరు ఉద్యోగం నాకు ఎందుకు నప్పిందో అప్పటిదాకా నాకు అర్థం కాలేదు.

లేచాను. పోలయ్యకు ఇక సాకు లేదు. కానీ నేను నడిచేదాకా ఆగుతానన్నాడు, తల దగ్గర నేనే ఉండాలట. ఆ నాలుగు రోజులూ నా మంచం పక్కనే కూర్చుని, నేను దగ్గిన తీరు, నా చెయ్యి పోయిన తీరు, జోసఫ్ గారి మొహం మారిన తీరు వచ్చినవాళ్ళందరికీ నటించి చూపించాడు. హెర్నియా కుట్లున్న మనిషికి నవ్వు ఎంత నరకమో పడ్డవాడికే తెలుసు. “ఒద్దు పోలయ్యా” అన్నకొద్దీ అతని నటన మెరుగుపడింది.

ఐదో రోజు వంగి వంగి నడుస్తూ వెళ్ళి అతనికి నేనే సూది ఇచ్చాను. కాళ్ళు మొద్దుబారగానే పోలయ్య మొహం పాలిపోయింది. భయపడకు అనలేదు నేను. ఆ మాట నా నోట మళ్ళీ రాలేదు, రిటైరయ్యేదాకా. ఏమేం చూస్తానో చెప్పాను: నాడి ఇదిగో ఇక్కడ, ఊపిరి ఇలాగ, బీపీ ఇంతకు తగ్గితే ఈ మందు.

“ఇప్పుడేం చూస్తన్నారు సారూ?”

“మబ్బులు.”

“ఉన్నాయా?”

“ఇప్పటికి లేవు. నువ్వూ ఊపిరి లెక్కపెడుతూ ఉండు, ఇద్దరం చూద్దాం.”

లెక్కపెట్టాడు, పైకే, ఆపరేషన్ అయ్యేదాకా. జోసఫ్ గారు తలనొప్పి వచ్చిందన్నారు.

ఆ తర్వాత మూడు ఊళ్ళలోనూ నేను పాటించిన పద్ధతి ఇదే. లేస్తానా అని అడిగినవాళ్ళకు హాస్యమాడి తప్పించుకోలేదు. నేను ఏం చూస్తానో చెప్పేవాణ్ని, వాళ్ళు చూసుకోవలసింది ఒకటి వాళ్ళకు అప్పగించేవాణ్ని. చావు భయానికి నా దగ్గర వేరే మందు లేదు. అది పూర్తిగా పోయిన మనిషిని నేను చూడలేదు. పోవాలని కూడా ఇప్పుడు అనుకోను, పోతే మా ఉద్యోగం ఎవరు చేస్తారు?

వెన్నుసూదికి తలనొప్పి రాకూడదని పోలయ్యను ఆపరేషన్ మర్నాడంతా తలగడ లేకుండా వెల్లకిలా పడుకోబెట్టారు. నేను స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాను. రేపల్లె రైల్లో టిక్కెట్టు కలెక్టరును చూసి బురఖా వేసుకున్న పెళ్ళికొడుకు కథ మొదలుపెట్టాను. సగంలోనే పోలయ్య పొట్ట అదిమి పట్టుకున్నాడు. “బాబ్బాబు, కుట్లు సారూ, చచ్చిపోతాను, ఆపండి!”

“ఇంకోటి చెప్పండి అన్నయ్యగారూ” అంది ఆదెమ్మ, చాప దగ్గరికి జరుపుకుంటూ.

చెప్పాను.