గొంగడి కప్పుకున్న ముల్లా సాబు

మతాల వల్లే యుద్ధాలు వస్తాయా అని బడిలో వాదన పెట్టారట. వికారాబాద్‌లో చదువుకునే నా కొడుకు సెలవులకు వచ్చి నన్నడిగాడు. మతం గురించి చెప్పేంత మతి నాకెక్కడిది? గొర్రెలు కాసే ఇంటికి కోడలిగా వచ్చి, గొర్రెలకున్న బుద్ధి కూడా లేదనిపించుకున్నదాన్ని. అవి కనీసం ముందున్నదాని వెనక పోతాయి, ఇది గడపలోనే నిలబడుతుందని మా అత్త అనేది. నాకు తెలిసింది ఒక్క సంగతే.

బంట్వారం పక్కన మా ఊళ్లో గొర్రెలు మావే గాని, కోసే చెయ్యి మాది కాదు. పోచమ్మకైనా, పెండ్లికైనా ముల్లా సాబు రావాల్సిందే. ఆయన గొర్రె తల పడమటికి తిప్పి, పెదవులు కదిలించి కత్తి పెడితేనే మాకు ముద్ద దిగేది. మెడ ముక్క ఆయన హక్కు. కాపరి తన చేత్తో కోస్తే ఆ మాంసాన్ని గడప దాటనిచ్చేవాళ్లు కాదు. "మేం పెంచెటోల్లం, కోసెటోల్లం కాదు" అనేవాడు మా మామ.

నలభై ఎనిమిదిలో మిలిటరీ వచ్చింది, నిజాం రాజ్యం పోయింది. అంతకుముందు నిజాం పక్షపు ఖాకీ బట్టల వాళ్లు వచ్చి మా గడ్డివాములు తగలబెట్టి పోయారు. ఇప్పుడు దానికి బదులంటూ ఎవరెవరో ముసల్మానులను వెతుకుతూ గుంపులుగా తిరగసాగారు. కాల్చినవాళ్లు ఎటు పోయారో గాని, చేతికందేది ముల్లా సాబే. భార్యను ముందే తాండూరులో ఆమె తమ్ముడింటికి పంపి, ఒక మిట్టమధ్యాహ్నం ఆయన మా దొడ్లోకి వచ్చి కూర్చున్నాడు.

ఉపాయం మామది. ఆయనకు తన గొంగడి కప్పి, కర్ర చేతికిచ్చి, ఇరవై గొర్రెలను ముందు పెట్టి, నా పెనిమిటిని తోడిచ్చి తాండూరు దారి పట్టించాడు. గడ్డం నా పెనిమిటి గీశాడు. రుమాలు నేను చుట్టాను, వంకరగా. ఆ వంకర వల్లే అసలు కాపరిలా ఉన్నాడని మామ అన్నాడు. ఆ ఇంట్లో నాకు దక్కిన మొదటి మెప్పు అదే.

వాగు దగ్గర గుంపు ఆపింది. గొంగళ్లు చూసి కాపరులే అనుకున్నారు, పేర్లు కూడా అడగలేదు. ఆకలి మీదున్నారు. ఒక గొర్రెను పట్టుకొని, ముల్లా సాబు చేతికే కత్తి ఇచ్చి కొయ్యమన్నారు. అసలు కాపరైతే కొయ్యనంటాడు, ముల్లాను పిలవమంటాడు. ఆయన అనలేదు. కత్తి అందుకొని వంగాడు. ముప్పై ఏండ్ల అలవాటు, చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. గొర్రె తల పడమటికి తిరిగింది, పెదవులు కదిలాయి.

నా పెనిమిటి రెండు బారల దూరంలో నిలబడి ఉన్నాడు.

ముల్లా సాబును వాగు ఒడ్డునే చంపారు. ఆ గొర్రెను వండుకు తిన్నారు. ఎవరి చేత్తో కోసిందో అప్పుడెవరికీ అడ్డు రాలేదు. మిగతా గొర్రెలను తోలుకొని, నా పెనిమిటిని నాలుగు దెబ్బలేసి వదిలేశారు.

మతమే చంపిందని నా కొడుక్కి చెప్పలేకపోయాను. ఆ గుంపులో దేవునికి దండం పెట్టే మొహం ఒక్కటీ లేదని వాళ్ల నాయనే అన్నాడు. గొర్రెల కోసమే చంపారందామా? అట్లైతే ఇద్దరినీ చంపాలి. ఇద్దరిలో ఒకరిని ఏరుకోవడానికి మాత్రం మతం పనికొచ్చింది. ఇదే చెప్పాను. పరీక్షలో రాస్తే మార్కులు రావన్నాడు.

కొడుకు అడిగిన ఆ ఏడే తాండూరు సంతలో ముల్లా సాబు భార్య కనిపించింది. బండల పనిలో కూలికి పోతున్నదట, చేతులు పగిలి ఉన్నాయి. పిల్లల సంగతి అడిగి, పక్కకు తీసుకుపోయి మెల్లగా అడిగింది.

"చెల్లె, గా దినం మీ ఆయన ఏం అనలేదా?"

"ఏం అనలే అక్కా."

పగిలిన చేత్తో నా చెయ్యి పట్టుకుంది. "అంటే ఇద్దరు పోతుండిరి. ఫికర్ చెయ్యొద్దని చెప్పు" అంది.

ఆ మాటను మందు పొట్లంలా పదిలంగా ఇంటికి తెచ్చాను. నా పెనిమిటి అన్నం ముందు కూర్చున్నాక చెప్పాను. ఆయన కలిపిన ముద్దను కంచంలోనే వదిలేశాడు.

"లేదు" అన్నాడు. "మేం కొయ్యం అని నేనొక్క మాటంటే, ఆయన బతికెటోడు."