ఉప్పుకారం బీచ్

నాగూర్ బాషా ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లూ లారీ తోలాడు. ఎక్కువగా మోసింది ఇసుకే. మోకాళ్లు అరిగి స్టీరింగు వదిలేశాక దొరికిన ఉద్యోగమూ ఇసుకదే. కాకపోతే ఈసారి దాన్ని ఎటూ కదలనివ్వకూడదు.

ముక్త్యాలకు ఎగువన, కొండల మధ్య కృష్ణ నీళ్లు నిలిచిన చోట ఒక పార్కు వేశారు. నాలుగు ఉయ్యాలలు, ఒక సిమెంటు జింక, మందార మొక్కలు. ఒడ్డంతా రాళ్లు కావడంతో పిల్లలు ఆడుకోవడానికి లారీల్లో ఇసుక తెప్పించి నీళ్లదాకా పరిచారు. ‘బీచ్’ అని బోర్డు పెట్టారు. దానికి బాషా వాచ్‌మన్. గేటు పక్కన తోపుడుబండి మీద ఆయన భార్య మీరాబీ జామకాయలు కోసి, ఉప్పుకారం చల్లి అమ్ముతుంది.

సిమెంటు ఫ్యాక్టరీ పొగ చూస్తూ పెరిగిన ఊళ్లవి. అక్కడివాళ్లకు ఇసుక కనిపిస్తే ఇల్లు గుర్తొస్తుంది తప్ప సముద్రం గుర్తురాదు. మొదటిరోజే, గేదెల్ని తోలుకుపోతున్న బసవమ్మ గేటు దగ్గర ఆగింది.

“ఏం కడతన్నారు బాషా?”

“ఏం కట్టట్లేదమ్మా. కూర్చోడానికి పోశారు.”

“ఇసకలోనా? మనకి అరుగుల్లేవా?”

బసవమ్మే కాదు, ఎవరూ నమ్మలేదు. ఊరికే పడున్న ఇసుకను ఎవరో ఒకరు పనిలో పెట్టాలి కదా అనుకున్నారు. బాషా అన్నం తినొచ్చేలోగా స్కూటీ ముందు ఒక బస్తా, ఆటో వెనక సీట్లో ఒక బస్తా వెళ్లిపోయేవి. ఒకాయన పిల్లను ఆడించడానికి వచ్చాడు. వెళ్లేటప్పుడు పిల్లను నడిపించి, ఇసుకను ఎత్తుకున్నాడు. కొద్దిరోజుల్లోనే అడుగు రాళ్లు పైకి తేలాయి.

పార్కు చూసే ఇంజినీరు గీతాంజలి ఫోన్ చేసింది. “శుక్రవారం వచ్చి చూస్తా బాషా. బీచ్ ఉంటే నువ్వుంటావు.”

ఆ సాయంత్రం బాషా ముక్త్యాల టీకొట్టులో కూర్చుని, పక్కవాడికి మాత్రమే చెబుతున్నట్టు గొంతు తగ్గించాడు.

“ఎవరికీ చెప్పమాకండి. ఆ ఇసక బందరు నుంచి తెచ్చిందంట. సముద్రపు ఇసక.”

ఎవరికీ చెప్పొద్దన్నాడు కనక చీకటిపడేలోపే మాట జగ్గయ్యపేట చేరింది. ఉప్పిసుకతో కడితే లోపలి ఇనుము తుప్పుపట్టి శ్లాబు పెచ్చులూడుతుందని ఆ చుట్టుపక్కల చిన్నపిల్లలకు కూడా తెలుసు. తెల్లారి గేటు తీసేసరికి బయట బస్తాలు వరసగా నిలబడి ఉన్నాయి. కొన్నింట్లో కంకర కూడా ఉంది. భయంలో వాకిలంతా ఊడ్చి తెచ్చినట్టున్నారు. బాషా పారతో ఇసుక పరుస్తూ ఈల వేశాడు.

గురువారం మధ్యాహ్నం ఒకడు సైకిలు ఆపి కబురు చెప్పాడు. “మేస్త్రి రాంబాబు వస్తన్నాడన్నా, ఇసక రుచి చూడ్డానికి.”

ఆ ప్రాంతంలో రాంబాబు నాలుక చెప్పిందే తీర్పు. బాషా ఈల ఆగిపోయింది. మీరాబీ నీళ్లకు వెళ్లింది. ఆమె బండి మీద చేతికందిన ఉప్పు డబ్బా లాక్కుని, దారి పక్కన ఇసుకలో దులిపి, కాలితో కలిపేశాడు.

రాంబాబు బండి దిగాడు. వెనక సీటు మీంచి మీరాబీ తమ్ముడు ఖయ్యూమ్ దిగాడు. ఇంకో బండి మీద సమ్మెటతో ఒక మనిషి వచ్చాడు.

“నువ్వెందుకొచ్చావురా?”

“నీ బీచే కదా బావా అని నేనూ ట్రాలీ ఆటోలో పట్టుకెళ్లా. దాంతోనే ముందుగదికి శ్లాబు వేసా. ఉప్పుదని తేలితే ఇవాళే కొట్టేయాలంట.”

బాషా నోరు తెరిచేలోపు రాంబాబు చిటికెడు ఇసుక నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకున్నాడు.

“ఉప్పే.”

ఖయ్యూమ్ కూలబడ్డాడు. రాంబాబు ఇంకా చప్పరిస్తూనే ఉన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“ఉప్పు సరే. కారం ఎక్కడిదయ్యా?”

“అవతలంతా గుంటూరు గాలి కదండీ,” అన్నాడు బాషా. “మిరపకాయలు ఆరబెడతారు...”

అందరూ ఒకసారి నీళ్లకవతల కొండల వైపు చూశారు. దాదాపు నమ్మారు. అంతలో మీరాబీ బిందెతో వచ్చింది.

“నా ఉప్పుకారం డబ్బా ఒంపిందెవరు?”

సమ్మెట మనిషి అప్పటికే ఖయ్యూమ్ ఇంటివైపు బండి తిప్పుకుంటున్నాడు. ఇప్పుడు నోరు మూసుకుంటే ఉద్యోగం నిలబడుతుంది, బామ్మర్ది కప్పు పడిపోతుంది.

“ఆగండయ్యా. సముద్రమూ లేదు, నా బొందా లేదు. మామూలు ఇసకే. ఉప్పు నేనే చల్లా.”

“నా తమ్ముడి కప్పు కూల్చడానికి నా డబ్బానే దొరికిందా!” అని మీరాబీ మొగుడి మీద లేచింది. ఖయ్యూమ్ నవ్వబోతే అటు తిరిగింది. “నువ్వు మూసుకో. బావ ఉద్యోగానికి కన్నమేసి కప్పేసుకున్నావు.”

మామూలు ఇసుకేనన్న మాట పాకి, సాయంత్రానికి గేటు ముందు జనం చేరారు. కొందరి చంకల్లో మడిచిన ఖాళీ బస్తాలున్నాయి. బాషాకు ఇక పోయేదేమీ కనిపించలేదు. గేటు బార్లా తీశాడు.

“రండి. ఎవరు తెచ్చిపెట్టిన ఇసక వాళ్లు, పేరు చెప్పి పట్టుకెళ్లండి.”

ఒక్కరూ కదల్లేదు. తెచ్చిపెట్టానని చెప్పాలంటే, ముందు ఎత్తుకెళ్లానని చెప్పాలి.

“మేం గాలికొచ్చాం,” అన్నాడు ముందున్నాయన. వెనకవాళ్లూ గాలికే వచ్చామన్నారు. గాలికి వచ్చాక కూర్చోక తప్పదు కదా, బస్తాలు పరుచుకుని కూర్చున్నారు. బసవమ్మ గేదెల్ని కట్టేసొచ్చి కాళ్లు చాపుకుంది. “మెత్తగానే ఉందిరోయ్!”

శుక్రవారం గీతాంజలి చెప్పులు విప్పి ఇసుక మీద నడిచింది. ఒకచోట ఆగింది.

“ఇక్కడ ఎర్రగా ఉందేంటి?”

“జనం జామకాయలు తింటారండి.”

“మంచిదేగా. బాగా చూసుకున్నావు బాషా. వచ్చేవారం ఇంకో నాలుగు లారీలు పంపిస్తా.”

అక్క విధించిన శిక్షకు చీపురు పట్టి ఊడుస్తున్న ఖయ్యూమ్ ఆ మాటకు చటుక్కున తలెత్తాడు.

“బావా, మా వెనకగది...”

మీరాబీ జామకాయలు కోసే కత్తి పట్టుకునే బండి ఇవతలికి వచ్చింది.